నీలం దారం

కాట్రేనికోన సెంటర్లో నాది మ్యాచింగ్ షాపు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్, దారాలు అమ్ముతాను. రంగులమ్ముకోవడం ఏం కష్టమని అందరికీ అలుసే. ఒక్క పూట నా కౌంటరు వెనక నిలబడి చూడండి, తెలుస్తుంది. ఒకావిడ వచ్చి "వంకాయ రంగు ఇవ్వండి" అంటుంది. ఏ వంకాయమ్మా, పొడుగుదా గుండ్రందా, లేతదా ముదిరిందా? ఇంకొకావిడకి ఉల్లిపొట్టు రంగు కావాలి. మరొకావిడైతే "మా మేనకోడలి ఓణీ రంగండీ" అంటుంది, ఆ ఓణీ ఫంక్షనుకి నేనేదో ముందు వరసలో కూర్చున్నట్టు. మిల్లువాళ్లు పంపే కార్డుల్లో రంగులకి నంబర్లుంటాయి. మా ఊళ్లో రంగులకి కూరగాయలుంటాయి, పిట్టలుంటాయి, చుట్టాలుంటారు.

అందుకే నా షాపులో ఒకటే చట్టం. ముక్క తెస్తేనే రంగు ఇస్తాను. ఆ ముక్కని కూడా ట్యూబులైటు కింద చూడను, మెట్టు దిగి ఎండలోకి పట్టుకెళ్లి చూస్తాను. ట్యూబులైటంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు. దాని కింద ముదురు రంగులన్నీ ఒక తల్లి పిల్లల్లా కనపడతాయి.

ఈ చట్టాన్ని లెక్కచెయ్యని మనిషి ఒక్కతే, మాణిక్యం. నేను చెప్పేది ఆవిడ కథే. మధ్యలో నా నోరు లేస్తే ఏమనుకోవద్దు. అది పుట్టుకతో వచ్చిన రోగం, మా ఆయన బెంజమిన్ మాస్టారు బతికున్నన్నాళ్లూ ప్రార్థన చేశారు, అయినా తగ్గలేదు.

మాణిక్యం పీతలమ్ముకునే మనిషి. వాళ్ల పేట మొగ దగ్గర, గోదారి పాయ సముద్రంలో కలిసే చోట. భర్త సూరయ్య చిన్న పడవ మీద మడ అడవి కాలవల్లోకి వెళ్లి వలలు పెట్టి పీతలు పట్టేవాడు. ఈవిడ వాటిని బుట్టకెత్తుకుని ఆటోలో సెంటరుకొచ్చి అమ్మేది. బేరాలయ్యాక ఖాళీ బుట్ట నా మెట్టు పక్కన బోర్లించి, లోపలికొచ్చి నేల మీద చతికిలబడేది. కుర్చీ వేస్తే కూర్చోదు. "నీచు వాసనండీ" అని ముక్కు మూసుకున్న ఒక కస్టమరుని "నిన్న పీతల ఇగురు లొట్టలేసుకుని తిన్నప్పుడు రాలేదామ్మా వాసన?" అని అడిగాను. ఆవిడ మళ్లీ నా షాపు మెట్టెక్కలేదు. పోతే పోయింది.

మాణిక్యంతో స్నేహం గొడుగుతో మొదలైంది. ఒకరోజు వాన పట్టుకుంది. "అక్కగారూ, మీ నీలం గొడుగు ఒకసారి ఇస్తారాండి, ఆటోల దాకా ఎల్లొచ్చేస్తాను" అంది.

నా గొడుగు బొగ్గు కంటే నలుపు. "నీలమేంటే, కళ్లు కనపడ్డం లేదా? నల్ల గొడుగు" అన్నాను.

రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆటకి కాదు, నిజంగానే. "అంత మాట అనకండి అక్కగారూ. మా ఇంటాయన నీళ్ల మీదున్నాడండి."

అప్పుడు చెప్పింది వాళ్ల ఇంటి ఆచారం. వాళ్ల అమ్మమ్మ పెట్టిందట. మగవాడు వేటకెళ్లే ఇంట్లో ఆ రంగు పేరు ఎత్తకూడదు. ఆకాశం ఆ రంగు తిరిగితే తుపాను, నీళ్లు ఆ రంగు తిరిగితే సుడిగుండం. పేరు పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటుంది. నేను నవ్వాను గానీ, ఆలోచిస్తే మనందరి ఇళ్లలో ఉన్నదే ఇది. దీపం ఆరిపోయిందని అనం, కొండెక్కిందంటాం. గాజు పగిలిందనం, పెరిగిందంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. చర్చికెళ్లే మా ఇళ్లలోనూ బియ్యం నిండుకుంటాయే తప్ప అయిపోవు.

కాకపోతే మాణిక్యం దాన్ని ఎక్కడిదాకా లాగిందంటే, గేదె కూడా నీలమే ఆవిడకి. పెనం నీలం, బొగ్గు నీలం, ఆటో టైరు నీలం.

"మరి కాకినేమంటావే?" అని అడిగాను.

"కాకంటానండి. కాకికి రంగెందుకండీ?"

అమ్మ బాబోయ్, ఆ రోజు నవ్వలేక చచ్చాను. "మరి మెళ్లో నల్లపూసలో?" అంటే వాటిని కొంగు కింద దాచేసుకుని, "పూసలండి, ఉత్త పూసలు" అంది.

మొదట్లో నేను మాట మాత్రమే మార్చిందనుకున్నాను. చూడటం అందరిలాగే చూస్తుంది, పలకడం వేరుగా పలుకుతుంది అనుకున్నాను. కాదని ఒకరోజు తెలిసింది. కొత్త సరుకొచ్చింది, నాకు నడుం పట్టేసింది. లైనింగు గుడ్డలు రంగులవారీగా పేర్చి పెట్టమన్నాను. పచ్చలన్నీ ఒక వరస, ఎరుపులన్నీ ఒక వరస పేర్చింది. చిలకపచ్చనీ మామిడాకు పచ్చనీ కలవనివ్వలేదు. నలుపు తానులన్నీ తీసుకెళ్లి నీలాల మధ్యలో పెట్టేసింది. చివర్న కాదు, మధ్యలో! ఆటపట్టిస్తోందేమో అని మొహం చూశాను. పీతని తిరగేసి గుడ్లున్నాయో లేవో చూసేటప్పుడు ఎలా చూస్తుందో అంత శ్రద్ధగా చూస్తోంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఆ రంగుకి పేరు లేదు. పేరు లేనిదాన్ని కన్ను మాత్రం ఎక్కడ పెట్టుకుంటుంది? పక్కింట్లో సర్దేసింది.

అలాగని కళ్లు తక్కువేం కాదు. పేట నుంచి వస్తూ పాయ దాటేటప్పుడు నీళ్లు చూసి చెప్పేది, ఇది కొత్తనీరు, ఇది సముద్రం ఎదురు తన్నిన నీరు, ఇది మడ కింద నుంచి ఊరిన నీరు అని. నేను వెళ్లి చూస్తే నాకన్నీ బురదే.

ఒకసారి గట్టిగా వాదించాను. "మీ కృష్ణుణ్ణి నల్లనయ్య అని మీరే పిలుస్తారు కదే?"

"పాటలో పిలుత్తామండి. క్యాలెండర్లో చూడండి, నీలంగానే ఉంటాడు. వేసినోడికి తెలీదాండి?"

పైగా ఎదురు పాఠం కూడా చెప్పింది. షాపులో గోడకి నా పెళ్లి ఫోటో ఉంటుంది, తెల్ల చీర, తెల్ల ముసుగు. అది చూసి మొదటిసారి గుండె మీద చెయ్యేసుకుంది. "పెళ్లినాడే తెల్లచీర కట్టేరాండి!" అంది. మా ఆయన పోయాక నేను ఎప్పట్లాగే మెంతి రంగూ, నేరేడుపండు రంగూ కట్టుకుంటున్నానని తెలిసి ఇంకా బిత్తరపోయింది. "మీ లెక్కంతా తిరగబడి ఉందండి అక్కగారూ. కట్టాల్సిన రోజు కట్టరు, కట్టకూడని రోజు కడతారు." ఇంకెవరైనా ఆ మాట అంటే నా చేతిలో అయిపోయేవాళ్లు. మాణిక్యం అంటే నవ్వొచ్చింది.

సూరయ్యని నేను చూసింది తక్కువ. బక్కపలచటి మనిషి, మాట పెగలదు. పెళ్లాం మాట్లాడుతుంటే పక్కన నిలబడి నేల చూస్తూ నవ్వుకునేవాడు. వాళ్లకి ఒక్కతే కూతురు, సత్యప్రియ. అమలాపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పిల్లని చదివించాలని ఇద్దరికీ పట్టుదల.

పోయినేడు వానలు మొదలైన కొత్తలో మాణిక్యం దారం కోసం వచ్చింది. "ముదురు నీలం రీలొకటి ఇవ్వండక్కగారూ. ఆయన కొత్త చొక్కాకి గుండీ ఊడిందండి."

"ముక్కేదే?"

"చొక్కా ఆయన ఒంటిమీదుందండి. ఒలుచుకు రమ్మంటారా?"

"ఏ నీలమో నాకెలా తెలుస్తుంది? నేనేమైనా సోదమ్మనా?"

"ముదురు నీలమండి బాబూ. అమలాపురంలో ఆయనే గుడ్డ కొనుక్కుని, ఆయనే కుట్టించుకుని వచ్చేడండి. మడ్డి మరకలు కనపడవని. ఊడిన గుండీ కాలవలో పడిపోయింది, పిల్ల పాత యూనిఫారం గుండీ ఉంది, తెల్లది, అది కుట్టేత్తాను."

సరే పొమ్మని ముదురు నీలం రీలు ఇచ్చి పంపాను.

తర్వాత నెలలో వరదొచ్చింది. ఎర్రటి నీళ్లు పాయ నిండా దొర్లుతున్నాయి. వలలు కొట్టుకుపోతాయని సూరయ్య తెల్లవారకుండానే ఒక్కడే పడవేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి పడవ మాత్రం మొగ దగ్గర బోర్లాపడి దొరికింది. పేట మగాళ్లందరూ వెతికారు. ఆఫీసర్లొచ్చారు, బోట్లొచ్చాయి. మనిషి జాడ లేదు.

స్టేషనుకి మాణిక్యం వెంట నేనూ వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ కృష్ణమోహన్ గారు మంచి మనిషి. ముందు మంచినీళ్లు తాగించి, తర్వాత అడిగారు. "మనిషి పేరేంటమ్మా?"

మాణిక్యం కూతురి వైపు చూసింది. భర్త పేరు నోటితో అనదు, ఆయుక్షీణమని. హాస్టలు నుంచి పరుగెత్తుకొచ్చిన సత్యప్రియే చెప్పింది. "సూరయ్యండి."

"చొక్కా ఏ రంగమ్మా?"

సత్యప్రియ ఆ చొక్కా చూడలేదు. అది కుట్టించింది పిల్ల హాస్టలుకి వెళ్లాక. పేటలో వాళ్లని అడిగితే ఒకడు గళ్ల చొక్కా అన్నాడు, ఒకడు చీకట్లో ఏం కనపడుద్దన్నాడు. పెళ్లానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"నీలమండి" అంది మాణిక్యం. "ముదురు నీలం."

నేను కూడా తలూపాను. దారం నా షాపుదే కదా.

వారం తిరక్కుండానే కృష్ణమోహన్ గారు పేటకి వెళ్లారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన చెప్పులు బయటే వదిలి, అరుగు మీద కూర్చుని, మెల్లిగా చెప్పారు. "అమ్మా, గౌతమి దాటి ఉత్తరాన తీరంలో ఒక మనిషి కొట్టుకొచ్చేడు. నీళ్లలో నాని మొహం పోల్చుకునేలా లేదు. ఒంటిమీద నల్ల చొక్కా ఉంది. ఒకసారి వచ్చి చూస్తారా?"

మాణిక్యం అంతసేపూ బిగబట్టుకున్న ఊపిరి వదిలింది. "ఆయన కాదండి బాబూ! మా ఆయనది నీలమండి."

"అయినా ఒకసారి చూస్తే మంచిదమ్మా."

"వద్దండి. కాని మనిషిని ఆయనేమో అని చూట్టం కూడా కీడేనండి. ఎవరి బిడ్డో పాపం, ఆళ్లోళ్లు వత్తారు." రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. ఆయన లేచారు. ఎవరూ రాకపోయేసరికి ఆ మనిషిని అక్కడే దిక్కులేనివాడిగా పూడ్చిపెట్టారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం మాణిక్యం సెంటరుకొచ్చి షాపు షాపుకీ తిరిగి బెల్లం ముక్కలు పంచింది. "ఆయన కాదంటండి, ఆయన కాదంటండి" అని పిచ్చిదానిలా నవ్వుతూ. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. గేదెని నీలమనే మనిషి మాట కదా, నీకెందుకు తట్టలేదు అని మీరడుగుతారు. ఏమో, తట్టలేదు. ఆశ పడ్డ మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతుంటే బుర్ర ఎక్కడ పనిచేస్తుంది? దారం నీలం, చొక్కా నీలం, అంతే.

ఇక ఎదురుచూడ్డం మొదలైంది. పెద్ద బోటువాళ్లెవరో ఎక్కించుకుని ఉంటారని, ఒడిశాలో పారాదీప్ తీసుకుపోయి ఉంటారని, భాష రాక అక్కడ కూలి చేసుకుంటున్నాడని ఒక కథ అల్లుకుంది. రోజూ పొద్దున్నే రేవుకి వెళ్లి నిలబడేది. నుదుట బొట్టు పెద్దదైంది. చేతుల నిండా ఎర్రగాజులు వేసుకుంది. అన్నం రెండు కంచాల్లో పెట్టి, ఒకటి మూతేసి ఉంచేది. చుట్టాలు కర్మ చేసెయ్యమని ఒకసారి నోరు జారితే చేపల కత్తిపీట చూపించిందట. శభాష్ అన్నాను నేను. కానీ సత్యప్రియ ఒకరోజు వచ్చి కౌంటరుకి తలానించి ఏడ్చింది.

"అమ్మ రాత్రుళ్లు నాన్నతో మాట్లాడతందాంటీ. వదిలేసి ఎలా వెళ్లను? కాలేజీ మానేశాను. నాన్న లేడంటే నన్ను కొడతంది, ఉన్నాడంటే అన్నం పెడతంది. నాకేం చెయ్యాలో తెలీట్లేదు."

నాకు దేవుడి మీద కోపమొచ్చింది. తెచ్చిస్తే తెచ్చివ్వాలి, తీసుకుపోతే తీసుకుపోయానని చెప్పాలి. ఈ మధ్యలో వేలాడదీయడమేంటి?

శివరాత్రి వెళ్లి ఎండ ముదురుతున్న రోజుల్లో మాణిక్యం షాపుకొచ్చింది. మొహం కళకళలాడుతోంది. కొంగు ముడి విప్పి చిన్న ప్లాస్టిక్ కవరు కౌంటరు మీద పెట్టింది.

"అక్కగారూ, ఇయ్యాల మీరు నన్ను తిట్టడానికి లేదు. ముక్క తెచ్చేను!"

"ఏ ముక్కే?"

"ఆయన చొక్కా కుట్టగా మిగిలిన ముక్కండి. పెట్లో అడుక్కి పోయింది, ఇయ్యాలే దొరికింది. ఆయనొచ్చేసరికి ఆ చొక్కా ఉప్పునీళ్లకి చివికిపోయుంటాది కదండీ. అదే రంగు గుడ్డ తీసుకుని ఇంకోటి కుట్టించి ఉంచుతాను. రాగానే తొడుక్కుంటాడు."

కవర్లోంచి ముక్క తీశాను. అరచెయ్యంత ఉంది. ట్యూబులైటు కింద ముదురుగా కనపడింది. ముదురు నీలం కూడా ఆ లైటు కింద ఇలాగే ఉంటుంది, ట్యూబులైటు అబద్ధాలకోరు అని నాకు నేనే చెప్పుకున్నాను.

మెట్టు దిగాలి. ఇన్నేళ్లుగా రోజూ దిగుతున్న మెట్టు, ఆ రోజు గుమ్మం పట్టుకున్నాను. ప్రభువా, నీళ్లని ద్రాక్షారసం చేశావంటారు, ఈ ముక్కని నీలం చెయ్యి చాలు, ఇంకేమీ అడగను అనుకుంటూ దిగాను. ముక్కని ఎండలో చాపి పట్టాను. తిరగేసి పట్టాను. అంచు దగ్గర ఒక పోగు లాగి విడిగా చూశాను. ముదురు నీలమైతే విడి పోగులో నీలం బయటపడిపోతుంది.

నలుపు. పోగు పోగునా నలుపు.

"దొరుకుద్దాండి అక్కగారూ?" లోపల్నుంచి అడిగింది.

దొరకదే, సరుకు లేదు, పోయి రా అని చెప్పేస్తే అయిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ బొట్టు చూస్తుంటే, ఆ గాజులు చూస్తుంటే, నేనెవర్ని తీసెయ్యడానికి అనిపించింది. కానీ ఎక్కడో ఇసకలో పేరు లేకుండా పడున్న మనిషి గుర్తొచ్చాడు. కౌంటరుకి తలానించి ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. మూతేసిన కంచం గుర్తొచ్చింది.

ఆఖరికి లోపలికి వెళ్లి రెండు తానులు తెచ్చాను. ఒకటి ముదురు నీలం, ఒకటి నలుపు. రెండూ ఎండలో మెట్టు మీద పరిచాను. "ఇలా రావే. నువ్వే కలుపు" అన్నాను.

వచ్చి గొంతుక్కూర్చుంది. ముక్క తీసుకుని నేరుగా నీలం మీద పెట్టింది. పెట్టి, తల పక్కకి వంచి చూసింది. ముక్క ఆ గుడ్డ మీద మచ్చలా విడిగా కనపడుతోంది. సర్దింది. ఇంకోవైపు తిప్పి సర్దింది. తర్వాత మెల్లిగా తీసి రెండో తాను మీద పెట్టింది. ముక్క అందులో కలిసిపోయింది. ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఇదేనండి" అంది. "ఈ ముదురు నీలమే."

"మాణిక్యం, దీన్ని పోలీసులేమంటారే?"

ముక్క కొసల్ని వేలితో అదుముతూ కూర్చుంది.

"నీ ఇంట్లో నువ్వేదన్నా అను. నా గొడుగుని నీలమను, నీ గేదెని నీలమను. స్టేషన్లో వాళ్లు దీన్ని ఏ రంగని రాసుకుంటారే తల్లీ?"

వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. నా మొహంలోకి చూసింది. నా కళ్లలో నీళ్లు చూసి అర్థం చేసుకుందనుకుంటా. చటుక్కున లేచి నా చెయ్యి పట్టుకుని షాపులోకి లాగింది. "లోపలికి రండక్కగారూ. లైటు కింద చూద్దాం రండి. ఎండకి మీ కళ్లు చెదిరేయండి. లైటు కింద నీలమేనండి, ఇందాకా చూసేరు కదా, రండి, లైటు కింద చూద్దాం..."

ఏ మ్యాచింగ్ షాపువాళ్లకీ అంత కష్టం రాకూడదు. నేను కదలలేదు. కాసేపు లాగి లాగి చెయ్యి వదిలేసింది. ముక్కని కవర్లో పెట్టుకుని, కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. బుట్ట మర్చిపోయింది. సాయంత్రం షాపు కట్టేటప్పుడు ఆ బుట్ట లోపల పెట్టి, తలుపులేసుకుని, బిగ్గరగా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే సత్యప్రియని వెంటబెట్టుకుని వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి, మొహం కడుక్కుని బొట్టు దిద్దుకుని ఉంది. "స్టేషనుకి మాతో వత్తారాండి?" అంది. షాపు తియ్యకుండానే బయల్దేరాను.

దారిలో ఆటోలో కూతురితో చెప్పింది. నేను వింటున్నాను. "ఆ చొక్కా తెచ్చినరోజు నేను తగువాడేనమ్మా. ఆ రంగెందుకు తెచ్చేవయ్యా అని. ఆయన నవ్వి, నీలమే కదే, ముదురు నీలం, బాగా చూడు అన్నాడు. బాగా చూసేను. నీలంగానే కనపడిందమ్మా నాకు. ఒట్టు, నీలంగానే కనపడింది."

కృష్ణమోహన్ గారు ముక్క చూశారు. మమ్మల్ని కూర్చోమని, అవతలి స్టేషనుకి ఫోను చేసి, అప్పుడు తీసిన ఫోటోలు తెప్పించారు. మొహం ఉన్నవి చూపించలేదు. చొక్కాని విప్పి బల్ల మీద పరిచి తీసిన ఫోటో ఒకటి కంప్యూటర్లో పెద్దది చేసి, స్క్రీను మా వైపు తిప్పారు.

నల్ల చొక్కా. ఉప్పు చారలు కట్టి, ఒక చెయ్యి చిరిగి ఉంది. గుండీలన్నీ నల్లవే, ఒక్కటి తప్ప. పొట్ట దగ్గర ఒక తెల్ల గుండీ, స్కూలు యూనిఫారాలకి ఉండేలాంటిది. వల కట్టే చేతులు కుట్టాయని చూడగానే తెలుస్తుంది, అన్ని చుట్లు చుట్టి, అంత గట్టి ముడి వేసి ఉంది. నీళ్లు చొక్కానంతా నమిలేసినా ఆ గుండీ కదల్లేదు. దాన్ని పట్టుకుని ఉన్న దారం నీలం. నేనిచ్చిన రీలు నీలం.

మాణిక్యం లేచి స్క్రీను మీద ఆ గుండీని వేలితో ముట్టుకుంది. దాన్ని సవరిస్తున్నట్టు అటూ ఇటూ రాసింది. గట్టిగా ఏడుస్తుందనుకుని నేను భుజం పట్టుకున్నాను. ఏడవలేదు. "నేను కుట్టిందేనండి" అంది.

కృష్ణమోహన్ గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నల్ల చొక్కా అని అప్పుడే చెప్పేను కదమ్మా నేను."

"చెప్పేరండి. ఆయన మీద ఆ మాట ఎలా పెడతానండీ? నీళ్ల మీదున్న మనిషి."

ఆయన, పూడ్చిన మనిషితో పోల్చి చూడ్డానికి పిల్లకి రక్త పరీక్ష చేయించాలని, అది తర్వాత చూద్దామని, ముందు మళ్లీ రాసుకోవాలని చెప్పి పెన్ను తీశారు. అడగడానికి ఆయనకే మనసు రాలేదు. తల దించుకునే అడిగారు. "చొక్కా రంగు చెప్పండమ్మా."

సత్యప్రియ నోరు తెరిచింది, అలవాటుగా, తల్లి అనకూడనివన్నీ అనేది తనే కదా. మాణిక్యం కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చెప్తాను. నలుపండి." ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. నోటికి అలవాటు లేక పొడిగా వచ్చింది. "నల్ల చొక్కా. మనిషి పేరు సూరయ్య. మా ఆయనండి."

పెన్ను ఆగిపోయింది. నేను చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, అనకే అన్నట్టు. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. మాణిక్యం నా వైపు తిరిగింది.

"పర్లేదండి అక్కగారూ. ఇంక అనొచ్చు. నీళ్ల మీద ఇంక మావోళ్లెవరూ లేరండి."